సముద్రం మీద అభివృద్ధి: సిక్కోలు తీరంలో తరచుగా అడిగే ప్రశ్నలు

మా శ్రీకాకుళం జిల్లాలో ఇప్పుడు నలుగురు కలిస్తే సముద్రం మాట రాకుండా ఉండదు. మూలపేట పోర్టు, కొవ్వాడ అణు కేంద్రం, విశాఖకు వస్తున్న డేటా సెంటర్, టీవీలో సముద్రం అడుగుకు దిగే వాహనం మత్స్య 6000 బొమ్మలు, ఏదో ఒకటి. ఒడ్డున వల బాగుచేసుకునేవాళ్ళు అడిగే ప్రశ్నలు ఒక రకం, కాలేజీ పిల్లలు అడిగేవి ఇంకో రకం. రెండూ కలిపి ఇక్కడ పెట్టాను. నా లెక్క ఏమిటో ముందే చెప్పేస్తాను: సముద్రం మీద వచ్చే లాభం ఎక్కడెక్కడికో పోతుంది, నష్టం మాత్రం ఒడ్డునే ఉండిపోతుంది. ఏ ప్రాజెక్టునైనా నేను చూసేది ఈ లెక్కతోనే.

బ్లూ ఎకానమీ అంటే ఏమిటి? చేపల వేటకు పెట్టిన కొత్త పేరా?

వేట అందులో ఒక ముక్క. ఓడరేవులు, ఓడల రవాణా, చమురు, గ్యాసు, రొయ్యల సాగు, నాచు పెంపకం, సముద్రపు గాలితో కరెంటు, ఉప్పునీటిని మంచినీరు చేయడం, సముద్రగర్భంలో ఖనిజాలు, ఇంటర్నెట్ కేబుళ్ళు, బీచ్ రిసార్టులు, అన్నీ దాని కిందకే వస్తాయి. ప్రపంచ దేశాల మధ్య కదిలే సరుకులో బరువు లెక్కన 80 శాతానికి పైగా ఓడల్లోనే వెళ్తుంది. అంటే సముద్రాన్ని వాడకుండా ఉందాం అనే మాటకు అర్థం లేదు, ఇప్పటికే వాడుతున్నాం.

నాకు నచ్చనిదల్లా వీటన్నిటినీ ఒకే గాటన కట్టేయడం. తెప్ప మీద కానాగంతల వేటకు వెళ్ళేవాడిదీ, ఆరు కిలోమీటర్ల లోతున ఖనిజం తవ్వేవాడిదీ ఒకే 'ఎకానమీ' కాదు. ఒకరి పని ఇంకొకరి పనికి అడ్డం పడేదే ఎక్కువ.

సముద్రం ఎవరిది?

ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ళు, అంటే సుమారు 22 కిలోమీటర్లు, దేశ ప్రాదేశిక జలాలు. అక్కడ చేపల వేట మీద పెత్తనం రాష్ట్రానిది. 200 నాటికల్ మైళ్ళ దాకా, సుమారు 370 కిలోమీటర్లు, అక్కడి వనరుల మీద హక్కు దేశానిది. ఆ పైన ఉన్నది ఏ ఒక్క దేశానిదీ కాదు. మన రాష్ట్రంలో మొదటి 8 కిలోమీటర్లు సంప్రదాయ మత్స్యకారులకు వదలాలని, పెద్ద మరబోట్లు ఆ లోపల వేటాడకూడదని నిబంధన ఉంది. కాగితం మీద ఉన్నంత గట్టిగా నీళ్ళ మీద ఉండదని గట్టు మీద ఎవరిని అడిగినా చెప్తారు.

పోర్టు కడితే పక్క ఊళ్ళ ఒడ్డు కోసుకుపోతుందా?

ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

ఒడ్డున ఇసుక ఒకచోట పడి ఉండదు. కెరటం ఏటవాలుగా వచ్చి ఇసుకను కొంచెం పైకి, కొంచెం పక్కకు నెడుతుంది, వెనక్కి వెళ్ళేటప్పుడు నేరుగా లాక్కుపోతుంది. రోజూ ఇలా జరిగి జరిగి ఇసుక తీరం వెంట నడుస్తూ ఉంటుంది. మన తూర్పు తీరంలో నైరుతి గాలుల కాలంలో ఇది ఉత్తరం వైపు, చలికాలంలో దక్షిణం వైపు వెళ్తుంది. ఏడాది మొత్తం మీద లెక్క తీస్తే ఉత్తరం వైపు పోయేదే చాలా ఎక్కువ. నాగావళి కళ్ళేపల్లి దగ్గర, వంశధార కళింగపట్నం దగ్గర, మహేంద్రతనయ బారువ దగ్గర తెచ్చి పోసే ఇసుక ఈ నడకలోనే కలుస్తుంది.

ఇప్పుడు ఈ దారికి అడ్డంగా రాళ్ళ గోడ, అదే బ్రేక్‌వాటర్, కట్టామనుకోండి. దక్షిణం వైపు ఇసుక మేట వేస్తుంది. ఉత్తరం వైపు ఒడ్డుకు రావాల్సిన ఇసుక రాదు, కెరటం మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. అంతే, ఒడ్డు కోత మొదలు. ఇది ఊహ కాదు. పారాదీప్‌లో ఇదే జరిగింది. విశాఖ పోర్టు 1933లో మొదలైనప్పటి నుంచి ఇసుక సమస్య దాన్ని వదల్లేదు. అందుకే అక్కడ డ్రెడ్జర్లతో తవ్విన ఇసుకను రామకృష్ణా బీచ్ వైపు పోస్తూ ఉంటారు. మనకు ఉత్తరాన గంజాం జిల్లాలో పోడంపేట అనే పల్లె ఇళ్ళను సముద్రం తీసుకుపోయింది. దేశం మొత్తం తీరంలో దాదాపు మూడో వంతు కోతకు గురవుతోందని 1990 నుంచి 2018 వరకు ఉపగ్రహ చిత్రాలు చూసి కేంద్ర ప్రభుత్వ తీర పరిశోధన సంస్థ తేల్చింది. అందులో పోర్టుల పాపం ఎంత, నదుల మీద ఆనకట్టలు ఇసుకను ఆపేయడం వల్ల ఎంత, తుఫానుల వల్ల ఎంత అనేది చోటును బట్టి మారుతుంది.

దీనికి మందు ఉంది. దక్షిణాన మేట వేసిన ఇసుకను తవ్వి, ఉత్తరాన పోస్తూ ఉండాలి. ఒక్కసారి కాదు, పోర్టు ఉన్నన్నాళ్ళూ. ఖర్చు ఉంటుంది. కాబట్టి అడగాల్సింది 'కోత వస్తుందా' అని కాదు, 'ఇసుక దాటించే ఖర్చు పోర్టు బడ్జెట్‌లో ఏటా ఉందా, చేయకపోతే జవాబుదారీ ఎవరు' అని. రాళ్ళ గట్టు కట్టేస్తాం అంటే ఒప్పుకోకండి. గట్టు కట్టిన ఊరు నిలబడుతుంది, దానికి ఉత్తరాన ఉన్న ఊరికి కోత మొదలవుతుంది.

మూలపేట పోర్టు వల్ల మనకేటి లాభం?

సంతబొమ్మాళి మండలంలో ఈ పోర్టుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది. మొదటి దశలో నాలుగు బెర్తులు, ఏడాదికి సుమారు 2.35 కోట్ల టన్నుల సరుకు. భూములు, ఇళ్ళు ఇచ్చింది మూలపేట, విష్ణుచక్రం జనం.

లాభం లేదనను. మన కుర్రాళ్ళు గుజరాత్‌లోని వీరావల్ దాకా పోయి పరాయి బోట్లలో కూలికి వేటాడుతున్నారు. అక్కడి నుంచి వెళ్ళి పాకిస్తాన్ వాళ్ళకు పట్టుబడి, ఏడాదికి పైగా జైల్లో ఉండి 2020 జనవరిలో ఇంటికి చేరినవాళ్ళు ఈ జిల్లావాళ్ళే ఎక్కువ. 2020 లాక్‌డౌన్‌లో వేల మంది అక్కడే చిక్కుకుపోయారు. ఇక్కడ పని ఉంటే ఎవరు పోతారు? కానీ నేటి పోర్టులో పని చేసేది క్రేన్లు, కన్వేయర్ బెల్టులు. వాటిని నడపడానికి ఐటీఐ, డిప్లొమా కావాలి. పల్లెలో పదో తరగతి దగ్గర బడి మానేసిన కుర్రాడికి దొరికేది సెక్యూరిటీ గార్డు ఉద్యోగమో, లోడింగ్ పనో. పోర్టు పూర్తయ్యాక శిక్షణ అంటే ఆలస్యమైపోయినట్టే, కట్టేటప్పుడే మొదలు పెట్టాలి.

ఇంకో మాట. వేటగాడు పోగొట్టుకునేది ఇల్లు మాత్రమే కాదు, రేవు కూడా. తెప్ప ఎక్కడ లాగి పెట్టుకోవాలి, వల ఎక్కడ ఆరేయాలి, ఆడవాళ్ళు చేపలు ఎక్కడ ఎండబెట్టాలి? పరిహారం పట్టికలో ఈ గడులు ఉండవు.

బీల అంటే ఖాళీ బంజరేనా? అక్కడ కంపెనీ పెడితే తప్పేమిటి?

బీల బంజరు కాదు. వానాకాలంలో కొండల నుంచి గెడ్డల (వాగుల) ద్వారా దిగిన నీరు సముద్రంలోకి పోయేముందు ఆగే చోటు. పల్లపు పైరు, పశువుల మేత, చేప, తుంగ అన్నీ అక్కడే. నౌపడ వైపు అదే పల్లంలో ఉప్పు మడులు ఉన్నాయి. తేలినీలాపురానికి వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు మేతకు దిగేదీ ఈ నీళ్ళలోకే. మెరక చేస్తే వరద నీరు ఊళ్ళలోకి తోసుకొస్తుంది.

సోంపేట బీలలో థర్మల్ కేంద్రం వద్దని జనం అడ్డుపడితే 2010 జులై 14న, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. సోంపేట ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతి ఆ రోజుల్లోనే రద్దయింది. రికార్డుల్లో బీలను పనికిరాని భూమిగా రాయడం దగ్గరే ఈ గొడవంతా మొదలైందని నా అభిప్రాయం.

తాబేళ్ళ కోసం మనుషుల బతుకు ఆపేస్తారా?

ఆపక్కర్లేదు. అయితే ఆ జీవి సంగతి తెలిస్తే కోపం కొంత తగ్గుతుంది.

ఆలివ్ రిడ్లే తాబేళ్ళు శీతాకాలం చివర్లో రాత్రిపూట మన ఒడ్డుకు ఎక్కుతాయి. తెల్లవారుజామున చూస్తే ఇసుక మీద చిన్న ట్రాక్టరు టైరు అచ్చు పడినట్టు జాడ ఉంటుంది, వచ్చింది ఒక వరస, వెళ్ళింది ఒక వరస. రెండూ కలిసిన చోట మెత్తటి ఇసుక కింద మూరెడు లోతున నూరు గుడ్ల పైమాటే ఉంటాయి, తెల్లగా, పింగ్‌పాంగ్ బంతి సైజులో. నక్కలు, ఊరకుక్కలు తవ్వేయకముందే అటవీశాఖ మనుషులు తీసి హేచరీలో పూడుస్తారు. ఏడెనిమిది వారాల్లో పిల్లలు బయటకు వస్తాయి. పిల్ల ఆడదా మగదా అనేది ఇసుక వేడిని బట్టి తేలుతుంది, వేడెక్కువైతే ఆడపిల్లలే ఎక్కువ. గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుతురు ఎటు ఉంటే అటు పోతుంది. చీకట్లో మెరిసేది సముద్రం కాబట్టి అటు నడుస్తుంది. రిసార్టు ఫ్లడ్‌లైటు వెలుగుతుంటే రోడ్డు మీదకు వచ్చి చస్తుంది. లైటు కిందికి తిప్పి పెట్టడానికి, ఆ మూడు నెలలు ఆర్పడానికి ఖర్చేముంది?

పెద్ద తాబేళ్ళు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చేది ఎక్కువగా ట్రాల్ వలల వల్ల. తాబేలు ఊపిరి పీల్చడానికి పైకి రావాలి, వలలో గంటల తరబడి ఇరుక్కుంటే మునిగి చస్తుంది. వలకు ఒక ఇనుప చట్రం, పైన ఒక తలుపు పెడితే తాబేలు బయటకు పోతుంది, రొయ్య లోపలే ఉంటుంది. దీన్ని టెడ్ అంటారు. చేప కొంత జారిపోతుందని బోటు యజమానులు కట్టరు. ఫలితం? 2019 నుంచి మన దేశపు సముద్రంలో పట్టిన రొయ్యను అమెరికా కొనడం మానేసింది. తాబేలును కాపాడటం వల్ల పోయిన డబ్బు కంటే కాపాడనందువల్ల పోయిందే ఎక్కువ.

చిన్న పిడకల వేట: తుఫాను గాలికి అడ్డమని ఒడ్డు అంచు దాకా సరుగు తోటలు నాటడం కూడా తాబేలుకు ఇబ్బందే, గుడ్లు పెట్టే ఇసుక చోటు తగ్గుతుంది. మంచి పనులు రెండు ఒకదానికొకటి అడ్డం పడటం అంటే ఇదే.

చేప ఎందుకు తగ్గింది?

ఒక్క కారణం చెప్పేవాళ్ళను నమ్మకండి. బోట్లు పెరిగాయి, వల కన్ను చిన్నదైంది, పిల్ల చేపను కూడా పట్టి కోళ్ళ దాణాకు, రొయ్యల మేతకు అమ్ముతున్నారు. ఎల్ఈడీ లైట్లు వేసి చేపను గుంపు చేసి పట్టడాన్ని కేంద్రం 2017లో నిషేధించినా ఆగలేదు. గెడ్డల ముఖాలు పూడిపోయాయి. బంగాళాఖాతం సంగతి కూడా ఉంది: గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చే మంచినీరు పైన పొరలా పరుచుకుంటుంది. కింది పోషకాలు పైకి రావడం కష్టం. పైపొర వేడెక్కేకొద్దీ అది ఇంకా కష్టం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం చేప గుడ్లు పెట్టుకోవడానికే. ఆ రోజుల భృతిని 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలు చేశారు. నిషేధం మంచిదే. కానీ మిగతా పది నెలలు వల కన్ను సైజు ఎవరూ చూడకపోతే ఆ రెండు నెలల పుణ్యం నీళ్ళపాలే.

ఫార్మా కంపెనీల పైపు సముద్రంలోకి వెళ్తోంది. సముద్రం అంత పెద్దది కదా, కలిసిపోదా?

కలిసిపోతుంది, సరిగ్గా చేస్తే. శుద్ధి చేసిన నీటిని చాలా దూరం, లోతు ఉన్నచోటికి తీసుకెళ్ళి, చిన్న చిన్న రంధ్రాల గుండా చిమ్మితే కెరటాల్లో పలచబడుతుంది. పైపు మధ్యలో పగిలినా, శుద్ధి చేయకుండా రాత్రిపూట వదిలినా, గెడ్డలోకి మళ్ళించినా కలవదు. పైడిభీమవరం పక్క నుంచి పూసపాటిరేగ వైపు ఉన్న పల్లెల ఫిర్యాదులు ఇవే. ఇంకో సంగతి, మందుల అవశేషాలు మురుగులాంటివి కావు. యాంటీబయోటిక్ చాలా పలచగా ఉన్నా సూక్ష్మజీవులు దానికి అలవాటు పడతాయి.

చేపలు చచ్చి ఒడ్డుకు కొడితే ఆ గంటలోనే శుభ్రమైన సీసాలో నీరు పట్టండి, రెండు చేపలు ఐసులో పెట్టండి, టైము కనిపించేలా ఫోటో తీయండి, కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఇవ్వండి. రెండు రోజులు గడిచాక తీసిన నమూనాలో ఏమీ దొరకదు. నీటిలో ప్రాణవాయువు తగ్గినా చేపలు చస్తాయి, అందుకే వెంటనే తీసిన నమూనా లేకుండా ఏ వాదనా నిలబడదు.

రొయ్యల చెరువుల సంగతి?

డబ్బు ఉంది, టెన్షన్ కూడా ఉంది. 2009లో వనామి రొయ్యను అనుమతించాక సాగు ఎక్కడికో పోయింది. నష్టం నేల కింద: ఉప్పునీటి చెరువు పక్కన బోరు ఉప్పెక్కుతుంది, వరి మడి చౌడు పడుతుంది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర ప్రాంతపు చెరువుల మీద గట్టి తీర్పు ఇచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి చెరువులకు రిజిస్ట్రేషన్ పెట్టింది. చెరువు నీళ్ళు వదిలేముందు ఆపి తేర్చే గుంట ఉందో లేదో చూడండి, రైతు ఎలాంటివాడో తెలిసిపోతుంది.

నాచు పెంపకం, పంజరాల్లో చేపల పెంపకం మన దగ్గర నడుస్తాయా?

నాచు మీద నాకు ఆశ ఉంది. దానికి మేత అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, మంచినీరు అక్కర్లేదు. 45 రోజులకు కోత. ఆడవాళ్ళు సంఘంగా చేసుకోవచ్చు, తమిళనాడు రామనాథపురం వైపు చేస్తున్నారు. ఐస్‌క్రీము నుంచి టూత్‌పేస్టు దాకా వాడే జిగురు పదార్థం అందులోంచే వస్తుంది.

అయితే అక్కడ పాక్ జలసంధి నీళ్ళు నిదానం. మన ఒడ్డు తెరిచి ఉన్న ఒడ్డు, కెరటం నేరుగా వచ్చి కొడుతుంది. వెదురు తెప్పకు కట్టిన నాచు నైరుతి సీజన్‌లో నిలవదు, అక్టోబరు తుఫాను వస్తే తెప్ప కూడా దొరకదు. గెడ్డ ముఖాలు, ఉప్పుటేరుల్లో, అదీ ఏడాదిలో కొన్ని నెలలే కుదరొచ్చు. ఎక్కువగా పెంచే కప్పాఫైకస్ మన నాచు కాదు, బయట దేశం నుంచి తెచ్చింది. అది మన్నార్ సింధుశాఖలో పగడాల మీద పాకి వాటిని కప్పేసింది. మన దగ్గర స్థానిక రకాలతో మొదలు పెట్టడం మేలు.

పంజరాలంటారా, 2007లో విశాఖ దగ్గరే దేశంలో మొదటిసారి సముద్రంలో పంజరం వేసి పండుగప్పను పెంచి చూశారు. పెరుగుతుంది. కానీ కిలో పండుగప్పకు అంతకు ఎన్నో రెట్లు కవ్వలు, చిల్లర చేప మేతగా వేస్తే లాభం ఎవరికి? ఆ చిల్లర చేప పేదవాడి కూర.

కొవ్వాడలో అణు కేంద్రం వస్తే సముద్రానికి ఏమవుతుంది?

రణస్థలం మండలంలో 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు పెట్టాలన్నది ప్రణాళిక. రేడియేషన్ భయం గురించి అందరూ మాట్లాడతారు, రోజూ జరిగే సంగతి గురించి తక్కువ మాట్లాడతారు. అది వేడి. ఒక యూనిట్ కరెంటు తీస్తే సుమారు రెండు యూనిట్ల వేడి బయటకు పోవాలి, అది సముద్రంలోకే. తీరంలోని థర్మల్ కేంద్రాలు వదిలే నీరు సముద్రపు నీటి కంటే 7 డిగ్రీలకు మించి వేడిగా ఉండకూడదని మన దేశంలో నిబంధన. నీరు తోడే చోట చేప గుడ్లు, లార్వాలు జాలీల్లోకి పోతాయి. ఇవి అదుపు చేయగలిగే సమస్యలే, తోడే గొట్టం ఎక్కడ, వదిలే గొట్టం ఎక్కడ, ఎంత లోతున అన్నదాన్ని బట్టి. మరోపక్క బొగ్గు కాల్చదు, పొగ రాదు. నన్ను అడిగితే వేడి కంటే పెద్ద ప్రశ్న, భద్రతా పరిధి పేరుతో వేటకు ఎంత సముద్రం మూసేస్తారు అన్నది.

ఉద్దానానికి సముద్రపు నీటినే మంచినీరు చేసి ఇవ్వొచ్చు కదా?

చేయొచ్చు. చెన్నైలో 2010లో మీంజూరులో, ఆ తర్వాత నెమ్మేలిలో మొదలు పెట్టారు. వెయ్యి లీటర్లకు మూడు నాలుగు యూనిట్ల కరెంటు పడుతుంది. మంచినీరు తీయగా మిగిలే చిక్కటి ఉప్పునీరు మంచినీటి కంటే ఎక్కువే ఉంటుంది, బరువు కాబట్టి అడుగుకు చేరి అక్కడి పీతలను, గుల్లలను ఊపిరాడకుండా చేస్తుంది.

ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం ఇదీ అని ఎన్ని పరిశోధనలు జరిగినా తేలలేదు. బోరు నీరు మాని నది నీరు ఇవ్వాలనే ఆలోచనతో హిరమండలం రిజర్వాయరు నుంచి పైపులైను వేసి 2023 డిసెంబరులో ప్రారంభించారు. వంశధార ఉన్నచోట సముద్రాన్ని వడకట్టడం దండగ. ఆ పైపులో నీరు ప్రతి ఊరికి, ప్రతి రోజూ వచ్చేలా చూడటం మీద పట్టు పట్టండి.

ఒడ్డున కనిపించే నల్ల ఇసుక విలువైనదా?

విలువైనదే. కెరటం వెనక్కి వెళ్ళాక చారలు చారలుగా మిగిలేది ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్ లాంటి బరువైన ఖనిజాలు. కొద్దిగా మోనజైట్ ఉంటుంది, అందులో థోరియం ఉంటుంది కాబట్టే ఈ తవ్వకాన్ని 2019 నుంచి ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేశారు. గార మండలంలో అంతకుముందు తవ్వారు. ఇసుక దిబ్బ తుఫానుకు మొదటి అడ్డు, మంచినీటి ఊటకు మూత. దిబ్బను తవ్వి ఖనిజం తీసి, మిగతా ఇసుకను తిరిగి పోసినా పాత దిబ్బ కాదు, వేళ్ళు పట్టి గట్టిపడడానికి ఏళ్ళు పడుతుంది.

సముద్రంలో గాలిమరలు మన దగ్గర వస్తాయా?

ఇప్పట్లో కాదు. కేంద్రం ముందు ఎంచుకున్నది గుజరాత్, తమిళనాడు తీరాలను, 2024లో ఒక్కోదానికి 500 మెగావాట్ల చొప్పున నిధులు ఒప్పుకుంది. అక్కడ గాలి నిలకడగా ఉంటుంది. మన దగ్గర తుఫాను తట్టుకునే మర కావాలి, ఖర్చు పెరుగుతుంది. వచ్చినప్పుడు చూద్దాం. స్తంభాల మొదట్లో గుల్లలు పట్టి చేప చేరడం మాత్రం ఐరోపాలో చూసిన సంగతే.

సముద్రం అడుగున ఖనిజాలు తవ్వుతారట. మత్స్య 6000 అందుకేనా?

అందుకు కూడా. 2021లో కేంద్రం డీప్ ఓషన్ మిషన్‌కు 4,077 కోట్లు ఒప్పుకుంది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ కడుతున్న మత్స్య 6000 ముగ్గురిని 6,000 మీటర్ల లోతుకు తీసుకెళ్ళాలి. మనుషులు కూర్చునేది రెండు మీటర్ల పైచిలుకు వెడల్పున్న టైటానియం గోళంలో. అంత లోతున ఒత్తిడి మన మీద ఉన్న గాలి ఒత్తిడికి 600 రెట్లు. శాస్త్రం కోసం అయితే నేను చప్పట్లు కొడతాను.

తవ్వకం వేరే సంగతి. కన్యాకుమారికి దక్షిణాన చాలా దూరంలో, మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్లలో వెతుక్కునే హక్కు భారత్‌కు ఉంది, జమైకాలో ఉన్న అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థతో 2002లో ఒప్పందం కుదిరింది. అడుగున బంగాళాదుంపల సైజులో నల్లటి గడ్డలు పరుచుకుని ఉంటాయి. మాంగనీసు, నికెల్, రాగి, కోబాల్టు. బ్యాటరీలకు కావాల్సినవే. ఒక్కో గడ్డ కొన్ని మిల్లీమీటర్లు పెరగడానికి పది లక్షల ఏళ్ళు పడుతుంది. అంటే మనిషి కాలం లెక్కలో మళ్ళీ పెరగదు. 1989లో జర్మన్ శాస్త్రవేత్తలు పెరూ దగ్గర సముద్రం అడుగున నాగలి లాంటి యంత్రంతో దున్ని చూశారు. 26 ఏళ్ళ తర్వాత వెళ్ళి చూస్తే ఆ చాళ్ళు నిన్న దున్నినట్టే ఉన్నాయి, అక్కడి చిన్న ప్రాణులు పూర్తిగా తిరిగి రాలేదు.

భూమి మీద కోబాల్టు గనుల్లో ఉన్న ఘోరాలు చూస్తే సముద్రమే నయం అనేవాళ్ళున్నారు. ఆ వాదనలో కొంత నిజం ఉంది. కానీ పాత బ్యాటరీల నుంచి లోహం తీయడం, కోబాల్టు అక్కర్లేని బ్యాటరీలు వాడటం ఇప్పటికే జరుగుతున్నాయి. తిరిగి రానిదాన్ని ముట్టుకునేముందు తిరిగి వచ్చేదాన్ని వాడుకోవాలి కదా. ఏ దేశానిదీ కాని సముద్రంలో జీవరాశి కాపాడటానికి 2023లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం కుదిరింది, 2024లో భారత్ సంతకం చేసింది. సముద్రగర్భపు గనుల పెత్తనం మాత్రం జమైకా సంస్థ దగ్గరే ఉంది.

సముద్రంలో ఇనుము చల్లితే భూమి చల్లబడుతుందా?

మన శాస్త్రవేత్తలే చేసి చూశారు. 2009లో గోవాలోని సముద్ర పరిశోధన సంస్థ, జర్మన్లు కలిసి లోహఫెక్స్ పేరుతో దక్షిణ సముద్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుప లవణం కలిపారు. నాచు పెరిగి, బొగ్గుపులుసు వాయువును పీల్చి, చచ్చి అడుగుకు పోతుందని ఆశ. నాచు పెరిగింది. చిన్న చిన్న రొయ్యజాతి పురుగులు వచ్చి తినేశాయి. అడుగుకు పోయింది చాలా తక్కువ.

మనం ఏమీ చల్లకుండానే సముద్రం మన పొగలోని బొగ్గుపులుసు వాయువులో దాదాపు నాలుగో వంతు మింగుతోంది, భూమి మీద పెరిగిన వేడిలో 90 శాతం దాచుకుంది. మింగిన ఆ వాయువు వల్లే నీరు కొద్దికొద్దిగా పులిసి, గుల్ల కట్టే జీవులకు గుల్ల కట్టడం కష్టమవుతోంది.

నీళ్ళ మీద తేలే ఊళ్ళు కడతారట, నిజమేనా?

బొమ్మలు చాలా వచ్చాయి. ఫ్రెంచ్ పాలినేషియాలో 2017లో ఒక ఒప్పందం రాసుకున్నారు, ఏడాది తిరిగేసరికి అక్కడి జనం వ్యతిరేకతతో అది మూలన పడింది. పన్నులు, చట్టాలు తప్పించుకునే డబ్బున్నవాళ్ళ ఆట అని అక్కడివాళ్ళ అనుమానం. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను ఎలా నేలమట్టం చేసిందో చూసినవాళ్ళకు, ఇక్కడ తేలే ఊరు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

విశాఖకు వచ్చే ఇంటర్నెట్ కేబుళ్ళు చేపలకు ప్రమాదమా?

పెద్దగా లేదు. లోతులో వేలి లావు, ఒడ్డు దగ్గర ఇనుప కవచంతో మణికట్టు లావు ఉంటాయి. ఇబ్బంది వేరే: కేబుల్ వేసిన దారిలో లంగరు వేయొద్దు, ట్రాల్ లాగొద్దు అంటారు. ఆ దారి మ్యాపును తెలుగులో పల్లెలకు ముందే ఇవ్వాలి.

ప్రజాభిప్రాయ సేకరణకు వెళ్ళి ఏం లాభం? అంతా ముందే తేల్చేసుకుంటారు కదా?

వెళ్ళకపోతే 'అభ్యంతరాలు లేవు' అని రాసుకుంటారు. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పేపర్లో నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులో కలెక్టరేట్‌లో, పంచాయతీ ఆఫీసుల్లో దొరకాలి. కలెక్టరు గానీ, ఆయన తరపు అధికారి గానీ కూర్చోవాలి, అంతా వీడియో తీయాలి. చివర్లో వచ్చిన అభ్యంతరాలను అక్కడే అందరికీ చదివి వినిపించాలి. చాలా మంది ఆ చివరి ముక్కకు ఆగకుండా భోజనాల వేళకు వెళ్ళిపోతారు. ఆగండి. మీ మాట అందులో లేకపోతే అప్పుడే లేచి చెప్పి రాయించండి.

నోటితో చెప్పినదంతా కాగితం మీద కూడా ఇచ్చి, రసీదు తీసుకోండి. 'మాకు వద్దు' అని ఒక్క ముక్క రాస్తే దానికి జవాబు అక్కర్లేదు. 'మా రేవులో ఇన్ని తెప్పలు, ఈ నెలల్లో ఫలానా చేప, ఇక్కడ వల ఆరేస్తాం, ఇక్కడ గెడ్డ కలుస్తుంది' అని రాస్తే కంపెనీ ఒక్కోదానికీ జవాబు రాయాలి. ఈ లెక్కలు ఆడవాళ్ళ దగ్గర ఇంకా బాగా ఉంటాయి, వేలం పాటలో కొని తట్ట మీద అమ్మేది వాళ్ళే కాబట్టి ఏ ఏడు ఏ చేప ఎంత వచ్చిందో వాళ్ళకు గుర్తు. తీర నియంత్రణ జోన్ (సీఆర్‌జెడ్) మ్యాపులో మీ ఊరు మత్స్యకార గ్రామంగా గుర్తు పెట్టి ఉందో లేదో కూడా ఆ రోజుకు ముందే చూసుకోండి. లేకపోతే పోర్టు గొడవ కంటే ముందు ఆ దరఖాస్తు పెట్టాలి.